నీరటి సైదులు అసలు వయసు

2022 మార్చి నెల. సూర్యాపేటలో నేను పనిచేసే స్కానింగ్ సెంటర్ ముందు ఎండ అప్పటికే చిటపటలాడుతోంది. నేను ఎం.ఆర్.ఐ. టెక్నీషియన్ని. ఇల్లు కోదాడలో. పొద్దున్నే బస్సెక్కి రావడం, చీకటి పడేలోపు బస్సెక్కి పోవడం, మధ్యలో మనుషుల్ని ఆ గుండ్రటి సొరంగంలోకి పంపి "కదలొద్దు, కదలొద్దు" అని అరవడం, పదిహేడేళ్లుగా ఇదే నా బతుకు. నాకు నోరు కాస్త ఎక్కువ. "మేడమ్ తిట్టినా స్కాన్ మంచిగ తీస్తది" అని మా అటెండర్లు అంటుంటారు. తిట్టడం వల్ల ఎవరికీ నష్టం జరగలేదు గానీ, నా తొందర వల్ల ఒక మనిషికి జరిగింది. ఆ కేసే ఇది.

ముందు పని సంగతి చెప్పాలి. మన మెదడులో, చెవులకు లోపలగా, చెరో పక్క ఒకటి చొప్పున హిప్పోకాంపస్ అనే భాగాలుంటాయి. వంగిన చిక్కుడుకాయంత ఉంటాయి. పొద్దున ఏం తిన్నాం, నిన్న ఎవరొచ్చారు, తలుపు గొళ్లెం పెట్టామా లేదా, ఇట్లాంటివి మనసులో నిలవాలంటే అవి బాగుండాలి. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, చాలామందిలో ముందుగా వాటినే పట్టుకుంటుంది. ఇదివరకు డాక్టర్లు ఫిల్మ్ చూసి కంటి అంచనాతో చెప్పేవారు. ఆ ఏడాది మా సెంటర్‌కు వచ్చిన కొత్త సాఫ్ట్‌వేర్ ఆ పనిని గణితంతో చేస్తుంది. షేప్ అనాలిసిస్ అంటారు, ఆకారాన్ని లెక్కగట్టడం. చిక్కుడుకాయ మీద వల పరిచినట్టు వేల చుక్కలు పెట్టి, ఒక్కో చుక్క ఉండాల్సిన చోట ఉందా, లోపలికి కుంగిందా అని చూస్తుంది. కుంగిన చోట నీలం రంగు వేస్తుంది. పొలం ఎన్ని కుంటలో చెప్పడం వేరు, గట్టు ఏ మూల తెగిందో చెప్పడం వేరు కదా. ఇది గట్టు సంగతి చెప్పే రకం.

అయితే వయసు మీదపడితే అందరి మెదడూ కొంత కుంగుతుంది. అది జబ్బు కాదు. అందుకని ఆ సాఫ్ట్‌వేర్ ప్రతి మనిషినీ అదే వయసున్న, జబ్బు లేని మనుషులతో పోల్చి చూస్తుంది. ఎవరితో పోల్చాలో దానికి తెలిసేది మనం వయసు గడిలో కొట్టే అంకెను బట్టే. మా సెంటర్‌లో ఆ అంకె కొట్టేది నేను.

ఆ రోజు వచ్చిన మనిషి పేరు సైదులు. వెంట భార్య ముత్తమ్మ. త్రిపురారం దిక్కు, సాగర్ ఎడమ కాలువ కింది పల్లె వాళ్లది. మిర్యాలగూడలో బస్సు మారి వచ్చారు. వారానికోసారి సూర్యాపేటకు వచ్చే మెదడు డాక్టరు గారు రాసిచ్చిన చీటీ ముత్తమ్మ చేతిలో ఉంది.

"వయసెంతమ్మా?" అని అడిగాను.

ముత్తమ్మ మొగుడి మొఖం చూసింది. ఆధార్ కార్డు నా ముందుకు తోసింది. "గండ్ల ఎంతుంటే గంతే బిడ్డా."

అందులో లెక్క ప్రకారం డెబ్భై రెండు. డెబ్భై రెండే కొట్టాను. "రా తాతా, చెప్పులు ఇక్కడ విడువు" అన్నాను.

"తాతేంది బిడ్డా! మీ నాయిన ఈడు గూడ ఉండ నేను" అన్నాడు సైదులు. ముత్తమ్మ మోచేత్తో పొడిచి "నువ్వు ఊకో" అంది.

నేను నవ్వాను. "ఈ మగవాళ్లంతా ఇంతే, కాటికి కాళ్లు చాపినా పెళ్లికొడుకులమనే అంటారు" అని ఎకసెక్కం చేశాను. ఆయన జుట్టు నల్లగా ఉంది. నడక తిన్నగా ఉంది. నా కళ్లు చూశాయి, నా బుర్ర పట్టించుకోలేదు. బయట ఇంకా తొమ్మిది మంది కూర్చొని ఉన్నారు.

ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టేలోపు ముత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. "బిడ్డా, లోపట ఏదో ఒకటి ఉన్నదని రావాలె. జర మంచిగ జూడు."

"అదేం మాటమ్మా? ఇక్కడికొచ్చిన ప్రతివాళ్లూ ఏమీ లేదని రావాలని మొక్కుకుంటారు. నువ్వేమో రోగం కావాలంటావా?"

"రోగం లేదని వస్తే దొంగ అంటరు బిడ్డా. గంతకంటె రోగమే నయం."

అప్పుడు చెప్పింది. సైదులు ఆ ఊరి నీరటి. కాలువ నీళ్లు తూము దగ్గర ఏ పొలానికి ఎప్పుడు విప్పాలో, ఎప్పుడు కట్టాలో చూసే మనిషిని మా దిక్కు నీరటి అంటారు. ఊరి రైతులే పెట్టుకుంటారు, పంట మీద ఇన్ని వడ్లని కొలుస్తారు. సైదులుకు చదువు రాదు. ముప్పై ఏళ్లుగా ఏ రైతు వంతు ఏ రోజు, ఎన్ని గంటలు అన్నది అంతా ఆయన తలలోనే ఉండేది. కాయితం ముక్క లేదు. అట్లాంటిది ఆ యాసంగిలో, అంటే రబీ పంటకు, వరి పొట్టకొచ్చిన వేళ, చివరి పొలాల వంతు రెండుసార్లు పై పొలాలకే పోయింది. పై పొలాలు ఊళ్లో కలిగిన ఆసామివి. ఎందుకిట్లా చేశావంటే "మీకు ఇచ్చిన గదా" అన్నాడట. చివరి మళ్లు నెర్రెలిచ్చి ఎండిపోయాయి. నీళ్లమ్ముకున్నాడని ఊరంతా అంది.

"పెద్దమనుషులు కూసున్నరు బిడ్డా. మతి తప్పిందంటున్నవ్ గదా, దవాఖాన కాయితం తే. లేకుంటే అందరి ముంగట తప్పొప్పుకొని తూము తాళం కింద పెట్టు అన్నరు. నా పెనిమిటి ఒకని గింజ ముట్టినోడు గాదు" అని కొంగు నోట్లో కుక్కుకుంది.

నిజం చెప్పాలంటే నేను నమ్మలేదు. మొగుణ్ణి కాపాడుకోవడానికి జబ్బు వెతుక్కుంటోంది అనుకున్నాను. పదిహేడేళ్ల అనుభవం కదా, తల పొగరు.

సైదులు మాత్రం నా మాట బాగా విన్నాడు. మెదడు మొత్తాన్ని సన్నటి పొరలుగా తీసే స్కాన్ ఒకటుంది, ఆకారం లెక్క దాని మీదే కడతారు. అది నడిచినంతసేపూ తల ఇసుమంత కదిలినా పాడవుతుంది. ఆయన రాయిలా పడుకున్నాడు. బయటికి తీశాక మిషను వైపు చూసి, "బేరింగు పోయినట్టున్నది బిడ్డా, గట్ల కొట్టుకుంటున్నది. మోటరు మేస్త్రిని పిలువు" అన్నాడు. మా అటెండర్లు పడీ పడీ నవ్వారు. అయిదు నిమిషాలకు మళ్లీ వచ్చి అదే మాట, అదే అక్షరాలతో అన్నాడు. అప్పుడు కూడా నవ్వారు. నేనూ నవ్వాను.

సాయంత్రానికి లెక్క వచ్చింది. చిక్కుడుకాయలు రెండూ అక్కడక్కడా లేత రంగులో ఉన్నాయి గానీ నీలం లేదు. మా రేడియాలజిస్ట్, అంటే స్కాన్ చదివి రిపోర్టు రాసే డాక్టరు గారు, ఆకారం వయసుకు తగ్గట్టే ఉందని రాశారు. ఫలితం చెప్పడం టెక్నీషియన్ పని కాదు. అయినా నా నోరు ఊరుకుంటుందా? కవరు ఇస్తూ, "ఏం లేదమ్మా, నీ మొగుడి మెదడు బంగారంలా ఉంది, వయసుకు తగ్గట్టే ఉంది" అన్నాను.

ముత్తమ్మ కవరు నాకే తిప్పి ఇవ్వబోయింది. "మల్ల జూడు బిడ్డా. ఏమన్న ఉంటది. మల్లొక్కసారి జూడు."

"మంచి మాట చెప్తే ఏడుస్తావేంటమ్మా? లేని రోగాన్ని నేనెక్కణ్నుంచి తేను?" అని కసిరాను. సైదులు మాత్రం, "జూసినవా, నాకేం గాలేదని జెప్తనే ఉన్న" అని ఆమె భుజం తట్టాడు. మెదడు డాక్టరు గారు ఆ రిపోర్టు చూసి, కొంచెం మరుపు ఉన్నట్టే ఉంది, ఇప్పుడే గట్టిగా చెప్పలేను, ఆర్నెల్లకు మళ్లీ తీసుకురండి అన్నారట. వాళ్లు రాలేదు. నేను మరిచిపోయాను.

నవంబరులో నడుము నొప్పితో ఒకాయన వచ్చాడు. పేరు జానయ్య, వయసు యాభై ఏడు. అదే ఇంటిపేరు, అదే ఊరు. బల్ల మీద పడుకోబెడుతూ, "మీ ఊరి నీరటి సైదులు అని వచ్చాడు మా దగ్గరికి, ఎట్లా ఉన్నాడు?" అన్నాను, మాటవరసకు.

ఆయన పైకప్పు కేసి చూశాడు. "మా అన్ననే మేడమ్. సొంత అన్న. నా రెండెకరాలు ఎండబెట్టిండు. మాట్లాడక ఎనిమిది నెలలైతంది."

"అయ్యో."

"మీ కాయితమే సదివి ఇనిపిచ్చిండ్రు గదా నలుగుర్ల. ఏం రోగం లేదని ఉన్నది గండ్ల. ఒప్పుకో అన్నరు. ఒప్పుకోలే. మల్లమల్ల అడిగిండ్రు. ఆఖర్న చేతులు జోడించి అమ్మిన, తప్పయింది అన్నడు. తాళం తీసుకున్నరు. నేను గూడ గాన్నే ఉన్న."

నాకు ఏదో అడగాలనిపించింది. ఎందుకు అడిగానో ఇప్పటికీ తెలియదు. "మీకూ మీ అన్నకూ ఎంత తేడా?"

"రెండేండ్లు."

"పదిహేనేళ్లు కాదూ?"

"గదెట్ల మేడమ్! ఒక్క కంచంల తిన్నోళ్లం. నేను బడికి పోయిన గనుక నాది సర్టిఫికెట్ వయసు. ఆయన బర్లు కాసిండు. ఆధార్ దిగినప్పుడు పింఛన్ జల్ది వస్తదని ఎక్కువేసి రాయించిండ్రు. మా ఊర్ల అందరిదీ గంతే."

ఆయన స్కాన్ ఎట్లా పూర్తి చేశానో నాకు గుర్తులేదు. పాత డేటా కంప్యూటర్లోనే ఉంది. తెరిచాను. వయసు గడిలో డెబ్భై రెండు తీసేసి యాభై తొమ్మిది పెట్టి లెక్క మళ్లీ నడిపించాను. కాసేపటికి బొమ్మ వచ్చింది. రెండు పక్కలా, చిక్కుడుకాయ ముందు కొసల్లో, నీలం. పదమూడేళ్లు పెద్దవాళ్లతో పోల్చినప్పుడు మామూలే అనిపించిన గుంట, ఈడువాళ్లతో పోల్చేసరికి గుంటగానే కనపడింది. కళ్లనీళ్లు ఆగలేదు. అటెండరు వచ్చి ఏమైంది మేడమ్ అంటే, పో అవతలికి అని అరిచాను.

రేడియాలజిస్ట్ గారి దగ్గరికి పోయి చెప్పాను. ఆయన రెండు బొమ్మలూ తెర మీద పక్కపక్కన పెట్టించి చూశారు. "వయసు ఎవరు చెప్పారు?"

"ఆధార్‌లో ఉంది సార్."

"ఆధార్‌కు మెదడు ఉండదమ్మా. మనకుండాలి" అన్నారు. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది నాకు. మనిషిని చూడకుండా బొమ్మ ఒక్కదాన్నే నమ్మి మళ్లీ తప్పు చేయొద్దు, పిలిపించి డాక్టరుకు చూపించండి, ఇంకో స్కాన్ తీద్దాం అన్నారు. ఆ ఫోను నేనే చేశాను, జానయ్యకు. విషయమంతా రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత "తోల్కొస్త" అన్నాడు.

రెండో స్కాన్‌కు వచ్చిన సైదులు తలుపు దగ్గరే నిలబడిపోయాడు. బక్కచిక్కాడు. మిషను మోత గురించి ఏమీ అనలేదు. ఈసారి ఆయన్ని ఎవరితోనూ పోల్చలేదు, మార్చి నాటి ఆయనతోనే పోల్చాం. మనిషిని తనతోనే పోల్చినప్పుడు వయసు గడితో పనిలేదు. ఎనిమిది నెలల్లో నీలం ఇంకా లోపలికి పోయింది. మెదడు డాక్టరు గారు గంటసేపు కూర్చోబెట్టి పరీక్షించి, డిమెన్షియానే, మార్చి నాటికే ఉంది, ఆ తప్పులు జబ్బు వల్ల జరిగినవే అని తెలుగులో రాసి సంతకం పెట్టారు. తెలుగులో రాయమని కాళ్లావేళ్లా పడింది నేనే.

ముత్తమ్మ బయట బెంచీ మీద కూర్చొని ఉంది. పక్కన కూర్చున్నాను. "ఆ రోజు అసలు వయసు చెప్పి ఉంటే బాగుండేదమ్మా" అన్నాను, మెల్లగానే.

"పింఛన్ పోతదని బిడ్డా. కంప్యూటర్ల ఎక్కితే తెలుస్తది, కట్ జేస్తరన్నరు. ఆయన నిజమే జెప్పబోయిండు గదా, నేనే పొడిచిన. నా చేత్తోని నేనే నా మొగుణ్ణి దొంగను జేసిన" అంటూ నెత్తి కొట్టుకుంది. ఆ చెయ్యి పట్టుకున్నాను. నల్ల జుట్టును చూసి కూడా డెబ్భై రెండు కొట్టింది నేనని చెప్పాను. ఆమె వినలేదు.

నాలుగు రోజుల తర్వాత సెలవు పెట్టి నేనే వాళ్ల ఊరు పోయాను. కోతల కాలం. వడ్లు కొనే సెంటర్లో టార్పాలిన్ల మీద రాసులు పోసి జనమంతా అక్కడే ఉన్నారు. జానయ్య డాక్టరు రాసిన కాయితం పైకెత్తి, నడుము నొప్పి మరిచిపోయి, నిలబడి చదివాడు. మొదటి పంచాయితీలో కూర్చున్న పెద్దమనిషి అన్నీ విని, "మరి మొదటి కాయితంల ఏం లేదని ఎట్ల రాసిండ్రు?" అన్నాడు.

"ఆధార్ వయసు కొట్టాను. అది తప్పు వయసు. మనిషిని చూసి అయినా అడగాల్సింది, అడగలేదు. తప్పు నాది" అన్నాను.

ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అక్కడున్నవాళ్లలో సగం మంది కార్డుల్లో అదే అబద్ధం ఉంది. తలెత్తి చూసినవాడు లేడు.

జానయ్య పోయి అన్నను చెయ్యి పట్టుకొని తీసుకొచ్చాడు. వడ్ల రాసుల మధ్య, అందరి ముందు నిలబెట్టాడు. "అన్నా, నువ్వు నీళ్లమ్మలేదే. నీది రోగం. అందరికి తెలిసింది గిప్పుడు. నేను నిన్ను..." అని ఏడ్చాడు.

సైదులు చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు. భుజం మీది తువ్వాల తీసి చంకలో పెట్టుకున్నాడు. చేతులు జోడించాడు. "అమ్మిన. తప్పయింది. ఇగ జెయ్య" అన్నాడు.

"లేదే అన్నా, నువ్వు అమ్మలేదు!"

"అమ్మిన సారూ. తప్పయింది. ఇగ జెయ్య."

"నలుగురు కూడితే గదే అంటడు బిడ్డా" అంది ముత్తమ్మ నాతో. "పెండ్లికి పోతే గాడ గూడ గదే. వద్దంటే ఇనడు. ముప్పై ఏండ్ల వంతులు ఒక్కటి యాదికి లేదు. గిదొక్కటి యాదికుంది."

పెద్దమనిషి లేచి పక్కకు పోయి నిలబడ్డాడు. సైదులు ముందు కింద కూర్చున్నాను. తాతా అని పిలవలేకపోయాను. "అన్నా, నువ్వేం తప్పు చేయలేదు. చేసింది నేను. ఆ తప్పు నాది" అన్నాను.

ఆయన వంగి నా మొఖం చూశాడు. జాలిగా చూశాడు. చుట్టుపక్కల ఎవరూ వినకుండా గొంతు తగ్గించాడు. "నువ్వు గూడ అమ్మినవా బిడ్డా? భయపడకు. ఒప్పుకో. ఒప్పుకుంటే ఇడిసిపెడ్తరు."

ఆ తర్వాత నేను ఎవరి వయసు కొట్టాలన్నా ఆధార్ పక్కన పెట్టి అడుగుతాను. మీ తమ్ముడు మీకంటే ఎన్నేళ్లు చిన్న, పెద్దబిడ్డ పుట్టేనాటికి నీకెంత ఈడు, ఎవరితో కలిసి ఆడుకున్నావు. ఆ లెక్క పింఛను ఆఫీసుకు పోదని నా పిల్లల మీద ఒట్టు వేసి అడుగుతాను. సగం మంది చెబుతారు. రోగం ఉందని రావాలి అని ఎవరైనా అంటే ఇప్పుడు కసరను, కూర్చోబెట్టి, రాకపోతే ఏం పోతుందో చెప్పమంటాను. ఆ జబ్బు మందులతో ఆగేది కాదు, మార్చిలోనే తెలిసినా సైదులు మతి నిలిచేది కాదు. పేరు నిలిచేది. నేను అప్పుడు అక్కడా ఒప్పుకున్నాను, ఇప్పుడు ఇక్కడా ఒప్పుకుంటున్నాను. నన్నెవరూ పల్లెత్తు మాట అనలేదు, ఉద్యోగం అట్లాగే ఉంది, రోజూ అదే బస్సెక్కుతున్నాను. చేయని తప్పు ఒప్పుకున్న మనిషి మాత్రం నలుగురు కనపడిన చోటల్లా ఇంకా చేతులు జోడిస్తూనే ఉన్నాడు.